ఎంబెడెడ్ డేటాబేస్ ఎంపిక వెనుక నాలుగు దశాబ్దాల చరిత్ర

అప్లికేషన్‌లోనే కలిసిపోయి నడిచే తేలికపాటి డేటాబేస్‌ను ఎంచుకోవలసి వచ్చినప్పుడు చాలామంది డెవలపర్లు మొదట బెంచ్‌మార్క్ అంకెలను చూస్తారు. అయితే ఈ రంగంలో ఒక ఇంజిన్‌ను వదిలి మరొకదానికి మారిన సందర్భాలను పరిశీలిస్తే, వేగం కంటే లైసెన్సు, నిర్వహణ భారం, ఫైల్ ఫార్మాట్ మన్నిక అనే మూడు కారణాలే ఎక్కువ బలంగా పనిచేశాయని నా అభిప్రాయం.

ఈ వరుసకు ఆద్యుడు కెన్ థాంప్సన్. 1979లో బెల్ ల్యాబ్స్‌లో ఆయన రాసిన డీబీఎం, కీ ఇస్తే దానికి చెందిన విలువను హ్యాషింగ్ ద్వారా డిస్క్ నుంచి వెతికి తెచ్చే చిన్న లైబ్రరీ. దానికి సర్వర్ లేదు, క్వెరీ భాష లేదు. ఆ కోడ్‌పై హక్కులు బెల్ ల్యాబ్స్ యజమాని అయిన ఏటీ అండ్ టీ సంస్థకే చెందడంతో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో రూపుదిద్దుకున్న యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఆ సంస్థ కోడ్ నుంచి విడిపించే ప్రయత్నంలో భాగంగా బర్క్‌లీ డీబీ 1991లో వెలువడింది. అంటే మొదటి పెద్ద మార్పుకే లైసెన్సు కారణమైంది.

బ్రౌజర్ సంస్థ నెట్‌స్కేప్ అవసరాల కోసం దీనికి ట్రాన్సాక్షన్లు (పూర్తిగా జరిగే లేదా అసలే జరగని మార్పుల సమూహాలు) చేర్చే క్రమంలో 1996లో స్లీపీక్యాట్ సంస్థ ఏర్పడింది. డైరెక్టరీ సర్వర్ ఓపెన్ ఎల్‌డాప్, కోడ్ వెర్షన్లను భద్రపరిచే సబ్‌వెర్షన్, లినక్స్ ప్యాకేజీలను నిర్వహించే ఆర్‌పీఎం వంటి ఎన్నో ప్రాజెక్టులు బర్క్‌లీ డీబీపై ఆధారపడ్డాయి. 2006లో స్లీపీక్యాట్‌ను ఒరాకిల్ కొనుగోలు చేసి, 2013లో లైసెన్సును ఏజీపీఎల్‌కు (నెట్‌వర్క్ ద్వారా సేవగా ఇచ్చినా సోర్స్ కోడ్‌ను పంచాలని కోరే కఠినమైన ఓపెన్ సోర్స్ లైసెన్సు) మార్చింది. ఇంజిన్ పనితీరులో లోపమేమీ తలెత్తకపోయినా, కొత్త షరతులను అంగీకరించలేని లినక్స్ పంపిణీలు పాత 5.3 వెర్షన్ దగ్గరే ఆగిపోయాయి. 2020లో ఫెడోరా అనే లినక్స్ పంపిణీ తన ఆర్‌పీఎం ప్యాకేజీల వివరాలను ఎస్‌క్యూలైట్ అనే మరో ఎంబెడెడ్ డేటాబేస్‌లోకి మార్చుకుంది. ఓపెన్ ఎల్‌డాప్ బృందం మాత్రం అంతకు ముందే, లాక్‌లను, క్యాష్‌లను సరిచూసుకునే శ్రమను తప్పించుకోవడానికి, మెమరీ మ్యాపింగ్‌పై (డిస్క్ ఫైలును నేరుగా మెమరీలో ఉన్నట్టు చదివే పద్ధతి) ఆధారపడిన ఎల్ఎండీబీని 2011లో సొంతంగా తయారుచేసుకుంది.

ఎస్‌క్యూలైట్ పుట్టుక మరింత వివరంగా చెప్పుకోదగినది. 2000లో అమెరికా నౌకాదళానికి చెందిన క్షిపణి విధ్వంసక నౌక కోసం రిచర్డ్ హిప్ ఒక ప్రోగ్రామ్‌పై పనిచేస్తుండగా, దాని వెనుక ఉన్న ఇన్ఫర్మిక్స్ డేటాబేస్ సర్వర్ ఆగిపోయినప్పుడల్లా ప్రోగ్రామ్ కూడా నిలిచిపోయేది. తప్పు సర్వర్‌ది, నింద అప్లికేషన్‌ది. డేటాను నేరుగా డిస్క్ ఫైలు నుంచి చదువుకోగలిగితే ఈ సమస్యే ఉండదన్న ఆలోచన నుంచి, డేటాబేస్ నిర్వాహకుడి అవసరం లేని ఇంజిన్ రూపొందింది. మొదటి వెర్షన్ డీబీఎంకు గ్నూ రూపమైన జీడీబీఎంపై నిలబడగా, 2001లో వచ్చిన రెండో వెర్షన్ నుంచి సొంత బీ-ట్రీ (డేటాను క్రమంలో ఉంచి త్వరగా వెతికే చెట్టు లాంటి అమరిక) వచ్చింది. కోడ్‌ను ఏ లైసెన్సూ లేకుండా పబ్లిక్ డొమైన్‌లో పెట్టడంతో బర్క్‌లీ డీబీని చుట్టుముట్టిన ఇబ్బంది దీని దరికి రాలేదు. 2004లో స్థిరపడిన మూడో వెర్షన్ ఫైల్ ఫార్మాట్‌కు 2050 వరకు మద్దతిస్తామని రూపకర్తలు మాట ఇచ్చారు. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ కూడా డేటా భద్రపరచడానికి సిఫారసు చేసిన ఫార్మాట్లలో దీన్ని చేర్చింది.

దీనికి పరిమితులు లేకపోలేదు. మార్పులను ముందుగా విడి లాగ్ ఫైలులో రాసే, 2010లో వచ్చిన వాల్ (రైట్-అహెడ్ లాగ్) పద్ధతి వల్ల ఒకరు రాస్తుండగానే ఇతరులు చదవగలిగినా, ఏ క్షణంలోనైనా రాయగలిగేది ఒక్కరే. ఆ పద్ధతి షేర్డ్ మెమరీపై నడుస్తుంది కనుక ఫైలును నెట్‌వర్క్ డిస్క్‌పై ఉంచి అనేక యంత్రాల నుంచి వాడటానికి పనికిరాదు. ఎడతెరిపి లేకుండా రాతలు వచ్చిపడే చోట 2011లో గూగుల్ ఇచ్చిన లెవెల్ డీబీ, దాని నుంచి ఫేస్‌బుక్ తీర్చిదిద్దిన రాక్స్ డీబీ నయం. అయితే వాటిలో క్వెరీ భాష ఎస్‌క్యూఎల్ ఉండదు.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధనా సంస్థ నుంచి 2019లో వెలువడిన డక్ డీబీ, డేటాను నిలువు వరుసలుగా దాచి, పెద్ద మొత్తాల విశ్లేషణను సర్వర్ లేకుండానే చేసిపెడుతుంది. ఎంత వేగంగా పనిచేసినా, తొలి ఏళ్లలో వెర్షన్ మారితే పాత ఫైలు తెరుచుకోకపోవచ్చన్న చిక్కు ఉండేది కనుక, శాశ్వతంగా దాచుకోవలసిన డేటాను దానికి అప్పగించడం కష్టమయ్యేది. ఫైల్ ఫార్మాట్ స్థిరత్వానికి హామీ ఇచ్చిన 1.0 వెర్షన్ 2024 జూన్‌లో వచ్చింది.