మొదటి స్టేజ్ అయింది, రెండోది ఎప్పుడు?

2025 అక్టోబరులో ప్రభుత్వం చెల్లించాల్సిన బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు ఎన్టీఆర్ వైద్య సేవ (ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) కేసులు ఆపినప్పుడు వచ్చిన వాదనే మళ్లీ వినిపిస్తోంది: ఎమర్జెన్సీలు చూస్తే చాలు, ప్లాన్డ్ ఆపరేషన్లు కొన్నాళ్లు ఆగొచ్చు. హైపోస్పాడియాస్‌తో పుట్టిన మగపిల్లల ఆపరేషన్ ఈ ‘ఆగొచ్చు’ లెక్కలోకే వెళ్తుంది. మూత్రద్వారం అంగం కొసన కాక కింది వైపున ఉండటం ఈ లోపం. దాదాపు 200–300 మంది మగపిల్లల్లో ఒకరికి ఉంటుంది.

పాత పద్ధతుల చరిత్ర ఇక్కడ అక్కర్లేదు. అసలు మలుపు 1994. మూత్రనాళం ఏర్పడాల్సిన చోట మిగిలిన సన్నని పొర వల్లే అంగం వంగుతోందని ఒకప్పుడు దాన్ని కోసేసేవారు. ఆ పొరను ఉంచుకోవచ్చని 1980లలో తేలింది. దాని మధ్యలో నిలువుగా గాటు పెట్టి, వెడల్పు చేసి, సన్నని ట్యూబు చుట్టూ నాళంగా కుట్టే పద్ధతిని 1994లో అమెరికా సర్జన్ వారెన్ స్నాడ్‌గ్రాస్ ప్రచురించారు. ద్వారం కొసకు దగ్గరగా ఉంటే ఒక్క ఆపరేషన్‌తో సరిచేయడానికి ఇదే ఎక్కువమంది ఎంచుకునే దారి అయింది. ఇప్పుడు సాధారణంగా 6–18 నెలల వయసులోనే చేస్తున్నారు.

ఈ విజయమే ఒక అపోహకు దారితీసింది, అందరికీ ఒక్కసారితో అయిపోతుందని. ద్వారం బాగా కిందికి ఉండి, వంపు ఎక్కువైతే ఇప్పటికీ చాలామందికి రెండు స్టేజ్‌లు కావాలి. మొదట వంపు సరిచేసి, అంగం కొసను కప్పే చర్మం (సున్తీలో తీసేది) లోపలి పొరనో, పెదవి లోపలి పొరనో అక్కడ పరుస్తారు. కనీసం ఆరు నెలలకు దాన్ని నాళంగా కుడతారు. (ఆ చర్మం అవసరం కాబట్టే డాక్టరుకు చూపించకుండా సున్తీ చేయించకూడదు.)

బిల్లులు రాకపోతే జీతాలెలా అన్న ఆసుపత్రుల ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ మొదటి స్టేజ్ అయిన బిడ్డకు మూత్రం ఇంకా కిందినుంచే వస్తుంది. రెండోది ఆలస్యమై ఊహ తెలిశాక చేస్తే, కట్టూ ట్యూబూ భరించడం పిల్లలకు నరకం, తల్లిదండ్రులకు టెన్షన్. బడికి వెళ్లే వయసొస్తే తోటివాళ్ల ముందు సిగ్గు. గుంటూరు కొత్తపేటలోనో విజయవాడ సూర్యారావుపేటలోనో ప్రైవేటు ఖర్చు పెట్టుకోలేని కుటుంబాలకు మిగిలేది ప్రభుత్వ జనరల్ ఆసుపత్రే (జీజీహెచ్).

పైగా ఈ లోపమున్న పిల్లలు కనబడటమే ఆలస్యం. పిల్లల స్క్రీనింగ్ కోసం 2013లో కేంద్రం తెచ్చిన ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) జాబితాలో గ్రహణమొర్రి, వంకర పాదం, గుండె లోపాలు ఉన్నాయి, హైపోస్పాడియాస్ లేదు.

మొదటి స్టేజ్‌కు అనుమతి ఇచ్చిన రోజే రెండోదానికీ హామీ ఇవ్వాలి, సమ్మె ఉన్నా సరే. ఆ తర్వాత కుట్ల దారిలో రంధ్రం పడి, దాన్ని మూయడానికి మరో ఆరు నెలలు ఆగాల్సిన పిల్లలనూ అందులో చేర్చాలి.