గడ్డివాము లేని ఊళ్లో పాల లెక్క

కోనసీమలో ఒక లంకగ్రామం. పొద్దున్న అయిదున్నరకే పాల కేంద్రం ముందు క్యాన్లు, బకెట్లు వరుసకట్టాయి. యంత్రం దగ్గర కూర్చున్న కుర్రాడు ఒక్కొక్కరి పాలను గరిటెతో కలియబెట్టి, చిన్న గ్లాసులోకి తీసి గొట్టానికి అందిస్తున్నాడు. కాసేపటికి తెర మీద అంకెలు వెలుగుతున్నాయి. ఒకావిడ వంతు వచ్చినప్పుడు వెన్న 5.8 అని చూపించింది.

"మొన్నటిదాకా ఆరున్నరకు తగ్గలేదు కదయ్యా" అందావిడ.

"దాణా ఏమైనా మార్చారా అత్తయ్యా?"

"దాణా అదే. గడ్డే అయిపోయింది."

మేతలో పీచు తగ్గితే పాలలో వెన్న తగ్గుతుంది. గేదె పొట్టలో గడ్డి పులిసినప్పుడు పుట్టే ఆమ్లమే వెన్నకు ముడిసరుకు. దాణా ఎంత పోసినా ఆ లోటు తీరదు. పైగా గేదెపాలకు ధర ప్రధానంగా వెన్నను బట్టే కడతారు. కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుంటే, ఆరున్నర శాతం పాలు కిలో 52 రూపాయలు, 5.8 శాతం పాలు 46 రూపాయల 40 పైసలు. అంటే గడ్డి లేని పాపానికి కిలోకు అయిదున్నర రూపాయలకు పైగా కోత పడుతుంది. వరిచేల నడుమ ఉన్న సీమలో గడ్డి అయిపోవడం ఏమిటన్న ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే, దేశంలో పాలు ఎలా పెరిగాయన్న కథ కూడా సగం తెలిసిపోతుంది.

ఆ కథ మీద జనానికి ఉన్న అనుమానం ఒకటి ముందు తీర్చాలి. "పాకలు ఖాళీ అవుతున్నాయి, పాలు మాత్రం ఏటికేడు పెరుగుతున్నాయట. అంతా కల్తీయేనా?" టీ కొట్టు దగ్గర ఈ మాట వినని వారుండరు. 2024 అక్టోబరులో 21వ పశుగణన మొదలైనప్పటి నుంచి మరీ ఎక్కువగా వినిపిస్తోంది. కల్తీ లేదని ఎవరూ అనరు. కానీ ఈ లెక్క పొసగడానికి కల్తీతో పని లేదు.

1951లో దేశంలో ఆవులు, ఎద్దులు కలిపి 15.5 కోట్లు, గేదెజాతి 4.3 కోట్లు. మొత్తం 20 కోట్లకు కాస్త తక్కువ. 2019 గణన నాటికి ఆవుజాతి 19.25 కోట్లు, గేదెజాతి 10.98 కోట్లు, మొత్తం 30 కోట్లు దాటింది. అంటే మంద పెరిగింది ఒకటిన్నర రెట్లు. పాలో? 1950-51లో 1.7 కోట్ల టన్నులు, 2023-24లో 23.93 కోట్ల టన్నులు. పద్నాలుగు రెట్లు. తలసరి పాలు రోజుకు 130 గ్రాముల నుంచి 471 గ్రాములకు చేరాయి. మధ్యలో అది కిందికి జారిన కాలమూ ఉంది. 1960ల చివరికి 112 గ్రాములే.

ఒకటిన్నరకూ పద్నాలుగుకూ మధ్య ఉన్న తేడాలో కొంత మేలుజాతి పశువులది, కొంత వైద్యానిది, మేతది. ఇంకొంత మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోని మార్పుది. మందలో పాలివ్వని పశువులు తగ్గిపోయాయి. 1951 నాటి 15.5 కోట్లలో పెద్ద వాటా నాగలి లాగే ఎద్దులది, బండెద్దులది. ఎద్దులను కనడానికే ఆవును సాకిన రైతులు లక్షల్లో ఉండేవారు, పాలు ఆ పైన దక్కిన లాభం. ట్రాక్టరు వచ్చాక ఆ లెక్క తలకిందులైంది. 2012లో 6.79 కోట్లున్న మగ ఆవుజాతి పశువులు 2019కి 4.74 కోట్లకు పడిపోయాయి. ఏడేళ్లలో 30 శాతం. అదే ఏడేళ్లలో ఆడ పశువులు 18 శాతం పెరిగి 14.5 కోట్లయ్యాయి. మొత్తం సంఖ్య చూస్తే మంద కదలనట్టే కనిపిస్తుంది. లోపల చూస్తే మందే వేరు.

డెల్టాలో ఈ మార్పు ఎద్దుతో కాక దున్నపోతుతో జరిగింది. ఆవుల పేరు చెబితే అందరికీ ఒంగోలు గుర్తొస్తుంది. అది నల్లరేగడి మెట్ట పశువు, మోకాలి లోతు బురద దానికి నప్పదు. డెల్టా వరిచేలో దమ్ము చేయడానికి దున్నపోతులే కావాలి. జూన్‌లో కాలువలు వదిలాక ఏ చేలో చూసినా నల్లటి జత, వెనక తోకలు పట్టుకున్నంత దగ్గరగా మనిషి, ముగ్గురికీ ఒంటినిండా ఒకే రంగు బురద. దున్నదూడ పుట్టిందంటే రైతుకు నష్టమేమీ లేదు, నాలుగేళ్లు పోతే అది చేలోకి దిగుతుంది. ఇనుప చక్రాల ట్రాక్టరు వచ్చాక దమ్ము గంటల్లో తెమిలిపోయింది. దున్నదూడకు విలువ పోయింది. ఇవాళ చాలా ఇళ్లలో దానికి దక్కేది తల్లి చేపడానికి అవసరమైన నాలుగు గుక్కలే. పెయ్యదూడ పుడితే జున్ను పంచడం, దున్నదూడ పుడితే నిట్టూర్చడం మామూలైపోయింది. పాల ఉత్పత్తి పెరుగుదలలో ఇదీ ఒక భాగమే. పాల నివేదికల్లో మాత్రం దీన్ని పెద్దగా చెప్పుకోరు.

ఇక గడ్డి సంగతి. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలువ పారిన చోటల్లా వరి పడింది, పచ్చిక బయలు పోయింది. పశువుకు మిగిలినవి గట్ల మీద గరిక, కోసిన వరి గడ్డి. కొబ్బరితోటల్లో చెట్ల కింద పచ్చిక, లంకల్లో ఇసుకమేటల మీద గడ్డి కొంత ఆదుకున్నాయి. ఆ గడ్డికి తౌడు, చిట్టు, తెలగపిండి, ఇంటి కుడితి తోడు. ఎండుగడ్డి మీద బతికి చిక్కటి పాలివ్వగల పశువు గేదె. డెల్టా గేదెల సీమ కావడంలో విచిత్రమేమీ లేదు. వరి వదిలేసిన దాన్ని పాలుగా మార్చే యంత్రం అది. ఆ ఏర్పాటులో గేదె మేతకు రైతు పెట్టిన నగదు ఖర్చు చాలా స్వల్పం.

ఆ ఏర్పాటుకు ప్రాణం పిల్లిపెసర. సార్వా (తొలి పంట) వరి కోతకు కొద్ది రోజుల ముందు, చేలో తడి ఆరకుండానే, నిలిచి ఉన్న పైరులో పిల్లిపెసర, జనుము చల్లేవారు. వరి కోసేసరికి మొలకలు నేల మీద పాకి ఉండేవి. నీరు పెట్టక్కర్లేదు, దుక్కి అక్కర్లేదు, మంచుకే పెరుగుతుంది. మాఘం, ఫాల్గుణాల్లో పచ్చిమేత దానిదే. మిగిలింది కోసి ఎండబెట్టి వాముల్లో వరిగడ్డి పొరల మధ్య వేసేవారు. పప్పుజాతి మేత కాబట్టి గేదెకు మాంసకృత్తులు, నేలకు నత్రజని. వేసవిలో పాలు తగ్గకుండా కాపాడిన ఈ పైరుకు తగిన పేరు రాలేదని నాకెప్పుడూ అనిపిస్తుంది.

దాన్ని మింగినది దాళ్వా, అంటే రెండో పంట వరి. పొట్టి వరి వంగడాలు వచ్చాక, పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ కట్టాక రెండో పంటకు నీరు మరింత ఖాయమైంది. డిసెంబరులో కోసిన చేను జనవరికల్లా మళ్లీ నాట్లకు సిద్ధం కావాలి. పిల్లిపెసరకు మిగిలిన నెలలు లేవు. దాళ్వా గడ్డి అదనంగా వచ్చిన మాట నిజమే. కానీ మారుటేరు వరి పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ వంటి రకాలు పొట్టివి. గింజ దండిగా ఇస్తాయి, పాత పొడుగు రకాల్లాగా గడ్డి ఇవ్వవు. దాళ్వాలో ఎక్కువగా వేసిన ఎంటీయూ 1010కి మారుటేరు వారు పెట్టిన పేరు కాటన్‌దొర సన్నాలు. దొర తెచ్చిన నీరు, దొర పేరు పెట్టుకున్న విత్తనం కలిసి గేదె నోటి దగ్గర మేతను తీసేశాయంటే ఆయన నొచ్చుకునేవాడేమో.

మేత ఇలా తరుగుతున్న కాలంలోనే గేదె మారింది. హర్యానా నుంచి తెచ్చిన ముర్రా దున్నలతో నాటు గేదెలను దాటిస్తూ తరాల తరబడి మెరుగుపరిచారు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో స్థిరపడిన ఈ సంకరానికే గోదావరి గేదె అని పేరు. తర్వాత గడ్డకట్టించిన వీర్యంతో కృత్రిమ గర్భధారణ ఊరూరికీ వచ్చింది. ముర్రా రక్తం పెరిగేకొద్దీ పాలు పెరిగాయి, ఆకలీ పెరిగింది. ఎండుగడ్డీ కుడితీ నమ్ముకుని బతికే పశువు కాదు అది. ఎండాకాలంలో ఎదకు వచ్చినా అరవదు, మూగ ఎద అంటారు. కనిపెట్టలేకపోతే ఒక ఈత వెనక్కి పోతుంది. ఆపైన పది నెలల చూడి. వట్టిపోయిన గేదెను అన్నాళ్లు మేపడం గడ్డి ఇంట్లో ఉన్నప్పుడు భారం కాదు. కొనాల్సి వస్తే భారమే.

మరి అమ్మకం? గేదెపాలతో పొడి చేయలేమని విదేశీ నిపుణులు అంటున్న రోజుల్లో, గుజరాత్‌లోని ఆనంద్‌లో పాడి నిపుణుడు హెచ్.ఎం. దలాయా దాన్ని చేసి చూపారు. 1955 అక్టోబరు 31న అక్కడి కర్మాగారాన్ని నెహ్రూ ప్రారంభించారు. ఇది గుజరాత్ ముచ్చటే అయినా గేదెలున్న ప్రతి సీమకూ వర్తిస్తుంది. శీతాకాలంలో పొంగిపొర్లే పాలను పొడిగా, వెన్నగా దాచగలిగితేనే కొనేవాడు రైతు ఇంటికి ఏడాది పొడవునా వస్తాడు. 1964లో ఆనంద్ వెళ్లిన లాల్ బహదూర్ శాస్త్రి అక్కడి రైతుల సహకార సంఘాల పద్ధతి దేశమంతా రావాలన్నారు. 1965లో కురియన్ నాయకత్వాన జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి, 1970 నుంచి 1996 దాకా మూడు దశల్లో ఆపరేషన్ ఫ్లడ్ అనే పాడి అభివృద్ధి పథకం వచ్చాయి. యూరప్ ఉచితంగా ఇచ్చిన పాలపొడి, వెన్న నూనె అమ్మిన డబ్బే దాని తొలి పెట్టుబడి. మన దగ్గర 1960ల్లో యూనిసెఫ్ తోడ్పాటుతో విజయవాడ కేంద్రంగా పాల పథకం, 1974లో రాష్ట్ర పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ, 1981లో ఆనంద్ పద్ధతిలో సమాఖ్య. 1991 తర్వాత ప్రైవేటు డెయిరీలు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టంతో కొన్ని పాల యూనియన్లు కొత్త రూపు ఎత్తాయి. 2020 చివర్లో అమూల్ రాష్ట్రంలో అడుగుపెట్టింది. వీటిలో ఎవరు రైతుకు మేలు చేశారన్న వాదులాట ఎన్నికల సీజనుకు వదిలేస్తాను. ఇక్కడ కావాల్సింది ఒక్కటే. 1990ల నాటికి డెల్టాలో పాలు కొనేవారికి కొదవ లేదు. కొరత మొదలైంది అవతలి వైపు, పాకలో.

1980ల నుంచి ఉండి, ఆకివీడు, భీమవరం చుట్టూ వరిచేలు చేపల చెరువులయ్యాయి. ఆ తర్వాత రొయ్య వచ్చింది. చెరువుగా మారిన ఎకరం గింజతో పాటు గడ్డినీ ఇవ్వడం మానేస్తుంది. గట్టు మీద గరికకు కూడా ఉప్పు తగులుతుంది. మిగిలిన చేలలోకి కోత యంత్రం దిగింది. చేత్తో కోసి, కుప్ప నూర్చి, వాము వేసే పని పోయింది. యంత్రం గడ్డిని నలిపి చేలోనే వరసలుగా వదిలిపోతుంది. వెంటనే ఏరుకోకపోతే మంచుకు తడిసి నల్లబడుతుంది. దాళ్వాకు తొందరపడే రైతు అగ్గిపుల్ల గీస్తాడు. చుట్టలు కట్టే యంత్రం ఇప్పుడు వచ్చింది కానీ, ఆ చుట్ట లారీ ఎక్కి సరుకై పోయింది. ఒకప్పుడు కోతకు, నూర్పిళ్లకు వెళ్లిన కూలీ మనిషి మోపెడు గడ్డి ఇంటికి తెచ్చుకునేది. సెంటు భూమి లేని ఇంట్లో కూడా గేదె నిలిచింది ఆ మోపు వల్లనే. కోత యంత్రం లాక్కున్నది కూలి ఒక్కటే కాదు.

లంకలకు ఇంకో గండం, వరద. 1986 ఆగస్టులో, మొన్న 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు పశువులను ఏటిగట్టు మీదకు తోలుకుపోయి రోజుల తరబడి నిలబెట్టారు. 1996 నవంబరు 6 తుపాను కోనసీమలో మనుషులతో పాటు పశువులను కూడా భారీగా పొట్టనపెట్టుకుంది, కొబ్బరితోటలను నేలమట్టం చేసింది. అటువంటి దెబ్బ తర్వాత గేదెను మళ్లీ కొనుక్కున్నవారు కొందరే.

దేశమంతటా గేదెలు 2012, 2019 గణనల మధ్య ఒక శాతం పెరిగితే ఆంధ్రప్రదేశ్‌లో కాస్త తగ్గి 62 లక్షల దగ్గర ఆగాయి. అయినా 2022-23 పాల లెక్కల్లో రాష్ట్రం మొదటి అయిదు స్థానాల్లోనే ఉంది. ఈ రెండు అంకెలూ వచ్చేది వేర్వేరు దారుల్లో అని గుర్తుంచుకోవాలి. పశువులను ఇల్లిల్లూ తిరిగి లెక్కిస్తారు. పాలను మాత్రం ఏడాదిలో మూడు కాలాల్లో నమూనా ఊళ్లలో కొలిచి, సగటు దిగుబడిని పాడి పశువుల సంఖ్యతో హెచ్చవేస్తారు. ఇంటికొక గేదె పోయి ఊరికి నాలుగు పెద్ద షెడ్లు వచ్చినా పాల అంకె పెరగవచ్చు. ఎన్ని ఇళ్లలో పాడి ఆగిపోయిందో ఆ అంకె చెప్పదు.

కొత్త గణన అంకెలు వచ్చినప్పుడు డెల్టా వరకు పోల్చుకోవడం అంత తేలిక కాదు. 2019లో తూర్పు, పశ్చిమ గోదావరి అని రెండే జిల్లాలు. 2022 ఏప్రిల్‌లో కోనసీమ, కాకినాడ, ఏలూరు వేరయ్యాయి. మండలాల వారీగా కూడుకుంటే తప్ప పాతదానికీ కొత్తదానికీ లంకె కుదరదు. ఆ కూడిక చేసేవారు మొత్తం సంఖ్య కన్నా ముందు పడ్డల (ఇంకా ఈనని ఆడ గేదెల) సంఖ్య చూడాలని నా సలహా. మూడు, నాలుగేళ్ల తర్వాత పాలిచ్చేవి అవే. గడ్డి కొనాల్సి వచ్చిన ఇల్లు ముందుగా వదిలించుకునేదీ పడ్డనే, ఎందుకంటే అది తింటుంది గానీ ఇంకా ఏమీ ఇవ్వదు.

ఆ పొద్దున పాలు పోసినావిడ తిన్నగా రేవుకు నడిచింది. అవతలి ఒడ్డు నుంచి పంటు మీద గడ్డి చుట్టలు దిగుతున్నాయి. ధర అడిగి, కాసేపు బేరమాడి, రెండు పక్కన పెట్టించింది.