నిప్పు ఎక్కడ పుట్టింది, ఎందుకు పాకింది

రసాయన కర్మాగారంలోనో చమురు నిల్వల దగ్గరో ఘోరం జరిగితే ముందుగా వినిపించే ప్రశ్న: ఎలా మొదలైంది? ఒక చోటి మంట పక్క ట్యాంకును పేల్చి, ఆ పేలుడు మరో పైపును చీల్చే గొలుసు ప్రమాదాల్లో ఈ ప్రశ్న ఒక్కటే చాలదు. ఎందుకు ఆగలేదు అన్నది దానంత పెద్ద ప్రశ్న. దర్యాప్తు పద్ధతిని ఎంచుకునేటప్పుడు ఈ రెండోదాన్ని మరిచిపోతే చేసిన శ్రమంతా వృథా.

1988 జులై 6 రాత్రి, ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక. కండెన్సేట్ (గ్యాస్ నుంచి వేరుపడే తేలిక ద్రవ ఇంధనం) పంపులు రెండింటిలో ఒకదాని రిలీఫ్ వాల్వును, అంటే పీడనం మితిమీరితే తెరుచుకునే వాల్వును, మరమ్మతుకు విప్పి, ఆ చోట పలక బిగించి ఉంచారు. రెండో పంపు ఆగిపోవడంతో, వాల్వు లేదని తెలియని సిబ్బంది మొదటిదాన్ని నడపబోయారు. పలక దగ్గర లీకైంది. సుమారు పది గంటలకు పేలుడు. ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడుగుతూ వెనక్కి వెళ్లే పద్ధతి ఇక్కడ పర్మిట్ల (మరమ్మతు పనికిచ్చే అనుమతి పత్రాల) దాకా తీసుకెళ్తుంది: పంపు పర్మిట్ ఒక చోట, వాల్వు పర్మిట్ మరో చోట ఉన్నాయి. నిజమే. కానీ అక్కడితో ఫైలు మూసేస్తే 167 మంది ఎందుకు చనిపోయారో తెలియదు.

వేదికలోని గోడలు మంటను ఆపడానికి కట్టినవి, పేలుడును తట్టుకోవడానికి కాదు. నీళ్లు చల్లే పంపులు ఆ రాత్రి వాటంతట అవి మొదలయ్యే స్థితిలో లేవు. పక్క వేదికల నుంచి చమురు, గ్యాస్ రావడం వెంటనే ఆగలేదు. ఇరవై నిమిషాలకు, మంటలో కాగిన పెద్ద గ్యాస్ పైపు చీలిపోయింది. వీటిలో ఏదీ ఆ పలక లీకుకు కారణం కాదు. కాబట్టి ఒకే దారంలా సాగే పద్ధతికి ఇవి దొరకవు.

అందుకే ముందు కాలరేఖ గీయాలంటాను. 1984 నవంబరులో మెక్సికో నగర శివారులోని ఎల్‌పీజీ కేంద్రంలో గోళాకార ట్యాంకులు వరసగా పేలినప్పుడు, విశ్వవిద్యాలయ భూకంపమాపకంలో ఆ కుదుపులు నమోదయ్యాయి. ఏది ముందు, ఏది తర్వాత అనేదానికి అంతకన్నా నిష్పక్షపాత సాక్షి ఉండదు.

రేఖ సిద్ధమయ్యాక, మంట ఒక పరికరం నుంచి మరోదానికి దూకిన ప్రతిచోటా విడిగా ఫాల్ట్ ట్రీ (వైఫల్యాన్ని పైన పెట్టి, దాని కారణాలను కింద కొమ్మలుగా గీసే పటం) వేయవచ్చు. 1960ల తొలినాళ్లలో క్షిపణి ప్రయోగ వ్యవస్థల కోసం పుట్టిన ఈ పద్ధతి, ఏవేవి కలిసి విఫలమైతే అడ్డు కూలుతుందో స్పష్టంగా చూపుతుంది. అయితే మామూలు ఫాల్ట్ ట్రీలో కాలానికి చోటు లేదు. ఉక్కు ఎన్ని నిమిషాలకు మెత్తబడుతుందన్నది వేడి లెక్కలతోనే తేలాలి.

ఇక పక్క వేదికలు ఉత్పత్తి ఎందుకు ఆపలేదన్న దానికి ఏ వాల్వులోనూ జవాబు లేదు. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ రాస్‌ముస్సెన్ 1990ల్లో ప్రతిపాదించిన యాక్సిమ్యాప్ అనే ప్రమాద పటం ఇక్కడ పనికొస్తుంది. ప్రభుత్వ నిబంధనలు, సంస్థ నిర్ణయాలు, మేనేజర్ల పని, సిబ్బంది చర్యలు, యంత్రాలు అంతస్తులుగా ఒకే కాగితంపై ఉంటాయి. ఆపమని చెప్పే అధికారం తనకుందా అని సంకోచించిన మేనేజరు దగ్గర మొదలైన గీత, ఆ కాగితంపై నేరుగా చీలిన పైపు దాకా వస్తుంది.