నెంబరు దాచేస్తే సరిపోతుందా? ఇంటి పనుల వ్యాపారంలో అపోహలు - వాస్తవాలు

భీమవరంలో ప్లంబర్లని, ఎలక్ట్రీషియన్లని, ఏసీ మెకానిక్‌లని ఇళ్లకి పంపే పని మొదలుపెట్టి ఆరేళ్లయింది. ఫోను, వాట్సాప్, ఒక చిన్న వెబ్‌సైటు, అంతే మా సరంజామా. పాలకొల్లు నుంచి, తణుకు నుంచి, అమలాపురం నుంచి కుర్రాళ్లు ఫోన్ చేసి మేమూ పెడతాం అంటుంటారు. సంతోషమే. కానీ అందరి మొదటి ప్రశ్నా ఒకటే: "అన్నా, కస్టమర్ నెంబరు మెకానిక్‌కి తెలియకుండా ఎలా చేశారు?" పోయిన వారం రావులపాలెం కుర్రాడొకడు దీనికోసమే సాఫ్ట్‌వేర్ వాళ్లకి అడ్వాన్స్ కూడా ఇచ్చేశానన్నాడు. ప్రాణం ఉసూరుమంది.

అపోహ: ఇద్దరి నెంబర్లూ దాచేస్తే, కమీషన్ ఎగ్గొట్టి మనల్ని దాటి వాళ్లలో వాళ్లు పని చేయించుకోలేరు.

వాస్తవం: శుభ్రంగా చేయించుకుంటారు. మెకానిక్ గంటసేపు వాళ్లింట్లో ఉంటాడు. కాఫీ ఇస్తారు. "మీదే ఊరు బాబూ?" అంటారు. వీరవాసరం అంటాడు. వాళ్ల మేనమామది కూడా వీరవాసరమే అవుతుంది. ఇంకేం దాస్తారు? ఆ మర్నాడు మావుళ్లమ్మ గుడి దగ్గర ఎదురుపడతారు కూడా.

నేనూ మొదట్లో ఈ పిచ్చిలోనే పడ్డాను. నెంబరిస్తే వెయ్యి రూపాయలు ఫైన్ అన్నాను. చేయి తిరిగిన ప్లంబర్ ఒకడు ఫైన్ నా చేతిలో పెట్టి, మళ్లీ రాలేదు. ఆ ఫైన్‌కి కారణమైన ఇంటికి నేనే వెళ్లాను. పెద్దావిడ ఒక్కరే ఉంటారు, కొడుకు అమెరికాలో. వంటింటి గోడ మీద క్యాలెండర్‌లో పాల లెక్కల పక్కన పెన్సిల్‌తో "కుళాయి అబ్బాయి" అని రాసుకుని, కింద నెంబరు. నేను ముఖం మాడ్చుకుంటే ఆవిడ అన్నారు: "నీకు ఫోన్ చేస్తే ఎవర్ని పంపుతావో నాకేం తెలుసు నాయనా? ఈ అబ్బాయి చెప్పులు బయట విప్పి వచ్చాడు."

అప్పుడు తెలిసింది, నా కమీషన్ ఎగ్గొట్టాలని ఆవిడకి లేదు. ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు తలుపు తీయాలంటే భయం. ఆ మర్నాటి నుంచి, అడిగితే పాత మనిషినే పంపడం మొదలుపెట్టాం. వేరేవాడు వెళ్లాల్సి వస్తే పేరు, ఫొటో ముందే వాట్సాప్‌లో పెడతాం.

ఇక రెండో వైపు చూడండి. తాను సంపాదించుకున్న ఇంటికి పదోసారి వెళ్లినా మనకి ఇరవై శాతం ఇవ్వాలంటే ఏ మేస్త్రీకైనా ఒళ్లు మండదా? మొదటి పనికే కమీషన్ అన్నాం, తర్వాత వాటికి నామమాత్రం. దాంతోపాటు స్పేర్ పార్టులు మా ఖాతా మీద షాపులో అరువు ఇప్పించాం. కెపాసిటర్ కొనడానికి చేతిలో డబ్బు లేక పని వదులుకునేవాళ్లు ఎంతమందో! ఈ అరువు పెట్టాక దాటిపోయే పనులు వాటంతటవే తగ్గాయి. ఆ తర్వాత ఒక సంక్రాంతి ముందు ఆ పెద్దావిడ మోటారు కాలిపోతే కుళాయి అబ్బాయి ఫోనెత్తలేదు, కోడిపందేల బరి దగ్గరున్నాడట. ఆవిడ మాకే చేశారు. రెండు రోజుల్లో అదే మోటారు మళ్లీ ఆగితే ఉచితంగా మళ్లీ పంపాం. మా డబ్బులన్నీ ఇలాంటి చోటే వస్తాయి.

అసలు ఏ పనులు మన చేతిలో నిలుస్తాయో చూసుకోవాలి. పనిమనిషి, వంటమనిషి ఒకసారి కుదిరితే ఇక మీతో అవసరం లేదు, ఒకసారి ఫీజు తీసుకుని దండం పెట్టేయండి. ఏసీ, ఆర్వో, గీజర్, ట్యాంకు శుభ్రం లాంటివి ఏడాదికి ఒకటి రెండుసార్లే. ఈలోపు పోయినసారి వచ్చినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. పైగా మన డెల్టా వాతావరణమే పని తెస్తుంది. మొగల్తూరు, నరసాపురం వైపు ఉప్పుగాలికి ఏసీ బయటి యూనిట్ కాయిల్ తినేసి గ్యాస్ పోతుంది. వేసవిలో కాలువలు కట్టేసి బోరు నీళ్ల మీద పడితే, ఉప్పు నీళ్లున్న చోట ఆర్వో ఫిల్టర్ గతి చెప్పక్కర్లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తా. ముందు యాప్ కట్టాలా? వద్దు. మన కస్టమర్ వాయిస్ మెసేజ్ పెడతాడు, "రామాలయం ఎదురు సందు, కొబ్బరి చెట్టున్న ఇల్లు" అని. కోనసీమలో ఆ గుర్తుతో ఇల్లు ఏ మ్యాపూ పట్టుకోలేదు. ఆధార్ జిరాక్స్ తీసుకుంటే నమ్మకస్తుడైనట్టేనా? మనిషి ఎవరో తెలుస్తుంది, ఎలాంటివాడో తెలియదు. మొదటి రెండు మూడు పనులకి మీరే వెంట వెళ్లండి.

జీఎస్టీ మాత్రం తేలిగ్గా తీసుకోకండి. "ఏడాది టర్నోవర్ ఇరవై లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు" అని ఎవరో చెబితే నమ్మేస్తున్నారు. ఆ వెసులుబాటు మీ ప్లంబర్‌కి. జీఎస్టీ చట్టం 9(5) సెక్షన్ కింద ప్లంబింగ్, వడ్రంగం లాంటి ఇంటి పనులు ఆన్‌లైన్ వేదిక ద్వారా జరిగి, చేసినవాడికి రిజిస్ట్రేషన్ అవసరం లేకపోతే, పన్ను కట్టాల్సింది ఆ వేదికే. దానికి టర్నోవర్ ఎంతైనా రిజిస్ట్రేషన్ తప్పదు. మొదలుపెట్టకముందే ఆడిటర్ దగ్గర కూర్చోండి.

చివరిది, ఈ మధ్య మా కుర్రాళ్లని నిద్రపోనివ్వని పుకారు: ఈ-శ్రమ్‌లో పేరు రాయిస్తే రేషన్ కార్డు పోతుందట! ఎవడు పుట్టిస్తాడో తెలియదు గానీ చెంప పగలగొట్టాలనిపిస్తుంది. అది 2021లో మొదలైన అసంఘటిత కార్మికుల నమోదు, పైసా ఖర్చుండదు. కార్డు పోదు సరికదా, ఈ-శ్రమ్‌లో ఉండి రేషన్ కార్డు లేనివాళ్లకి కార్డులివ్వమని 2023లో సుప్రీంకోర్టే రాష్ట్రాలకి చెప్పింది. ఇప్పుడు సామాజిక భద్రత కోడ్ అనే కార్మిక చట్టం కూడా 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చింది, మనలాంటి వేదికల మీద పనిచేసేవాళ్ల మాట అందులో ఉంది. కాబట్టి పేరు ఉండడమే మంచిది.

మా టైల్స్ మేస్త్రీ ఒకాయన ఆధార్ చేతిలో నలుపుకుంటూ అరగంట ఆఫీసు గుమ్మంలోనే నిలబడ్డాడు. కూర్చోబెట్టి ఫోన్‌లో అంతా చూపించాను. ఓటీపీ చెప్పి, పేరు ఎక్కిందని చూసుకుని, "మా ఆవిడ ఇంట్లో మిషను కుడుతుందండి, ఆవిడ్నీ రేపు తీసుకురమ్మంటారా?" అన్నాడు.