తిమింగలం ఎగిరినప్పుడు

చిట్టీ, బుజ్జీ,

మొన్న ఆదివారం మీ పిన్నీ వాళ్లతో కలిసి హెర్వీ బేలో బోటెక్కాను. ఇక్కడ ఆస్ట్రేలియాలో ఇప్పుడు చలికాలం. అంటార్కిటికా వైపు నుంచి హంప్‌బ్యాక్ తిమింగలాలు వేల కిలోమీటర్లు ఈదుకుంటూ ఈ వెచ్చటి నీళ్లకు వస్తాయి.

ఇంజన్ ఆపేశారు. అందరం ఒకవైపే చూస్తుంటే వెనకాల ధబ్బుమని చప్పుడు. తిరిగేసరికి నురగే మిగిలింది. రెండోసారి కళ్లారా చూశాను. ముందు బుడిపెల బుడిపెల తల, తర్వాత గొంతు కింద పొడవాటి చారలు, ఆపైన ఒంట్లో మూడో వంతు పొడవుండే రెక్కలు. గాల్లోనే పక్కకు తిరిగి వీపు మీద పడింది.

వీడియో పంపగానే మీరిద్దరూ "అదెందుకలా ఎగురుతుంది తాతయ్యా?" అన్నారు కదా. మంచి ప్రశ్న అడిగారు.

పెద్ద తిమింగలం 30 టన్నులుంటుంది. అంటే ఆరేడు ఏనుగుల బరువు. అంత ఒళ్లు గాల్లోకి లేవాలంటే తోక గట్టిగా కొట్టి, గంటకు పాతిక కిలోమీటర్లకు పైగా వేగం అందుకోవాలి. పైగా ఈ ప్రయాణంలో అవి దాదాపు ఏమీ తినవు. దక్షిణాన తిని దాచుకున్న కొవ్వే ఆధారం. ఉపవాసంలో ఉండి ఇంత శ్రమ ఊరికే పడతాయా?

ఒంటికి పట్టిన గుల్లల్ని వదిలించుకోవడానికని కొందరంటారు. కొన్ని ఊడొచ్చు. కానీ ఆ గుల్లలు చర్మంలోకి దిగి కూర్చుంటాయి. అందుకే ఆ జవాబు నాకు అంతగా నచ్చలేదు.

నాకు నచ్చింది వేరే ఉంది. 2010, 2011లో ఈ తీరంలోనే పరిశోధకులు 94 గుంపుల్ని గమనించారు. దగ్గర్లోని ఇంకో గుంపు 4 కిలోమీటర్ల కంటే దూరంగా ఉన్నప్పుడు ఇవి ఎక్కువగా ఎగిరాయి. గుంపులు కలిసేటప్పుడో విడిపోయేటప్పుడో అయితే తోకతో, రెక్కలతో నీళ్లను చరిచాయి. ఒడ్డున గాలి హోరులో మనిషి పిలుపు వినపడకపోయినా, చెరువు అవతలి రేవులో బండ మీద బట్టలు బాదే చప్పుడు వినపడుతుంది కదా, అలాగన్నమాట. తిమింగలాలకు గొంతూ ఉంది, మగవి గంటల తరబడి పాడతాయి కూడా. కానీ గాలికి సముద్రం హోరెత్తినప్పుడు ఆ ధబ్బుమనే చప్పుడే బాగా తెలుస్తుంది. "ఇక్కడున్నాం" అని చెప్పడమేనని నా నమ్మకం.

అన్నిటికీ అదొక్కటే కారణం కాదులెండి. మేం తిరిగొచ్చే ముందు ఓ తల్లి నీళ్ల మీద కదలకుండా తేలుతూ పడుకుంది. పక్కనే దాని పిల్ల ఎగురుతూనే ఉంది. సగం లేచేది, బోర్లా పడేది, మళ్లీ లేచేది. పదకొండు దాకా లెక్కపెట్టాను. దానికి పిలవాల్సినవాళ్లెవరూ దూరంగా లేరు, అమ్మ పక్కనే ఉంది. ఎగరడం నేర్చుకుంటోంది, అంతే. పన్నెండోసారి తోకతో సహా బయటికొచ్చింది. బోటులో అందరం చప్పట్లు కొట్టాం.

మీ తాతయ్య