జవాబు కరెక్టే, లెక్క తప్పు

డీఎన్‌ఏ కలిసిందంటే ఇక కేసు తేలిపోయినట్టే అనుకుంటాం. 1984లో బ్రిటన్‌లోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కనిపెట్టినప్పటి నుంచి పెరుగుతూ వచ్చిన నమ్మకం ఇది. పరీక్ష మీద కన్నా పరీక్ష చేసినవాళ్ల మీదే అనుమానాలు కూడా అప్పటినుంచే ఉన్నాయి.

మొదటి పెద్ద గొడవ ఒక చేతి వాచీతో వచ్చింది. 1987లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ఓ తల్లి, ఆమె రెండేళ్ల కూతురు హత్యకు గురయ్యారు. నిందితుడు కాస్ట్రో వాచీ మీద చిన్న రక్తపు మరక దొరికింది. అది తల్లిదేనని, వేరేవాళ్ల డీఎన్‌ఏ యాదృచ్ఛికంగా అలా కలిసే అవకాశం కోట్లలో ఒక్క వంతని ప్రైవేటు ల్యాబ్ చెప్పింది. అప్పట్లో డీఎన్‌ఏ ఎక్స్‌రే ఫిల్ము మీద నల్లటి గీతల్లా కనిపించేది. డిఫెన్స్ తరఫున ఆ ఫిల్ము చూసిన జన్యుశాస్త్రవేత్త ఎరిక్ లాండర్ ఒక శాంపిల్‌లో రెండు గీతలు ఎక్కువ ఉన్నాయని పట్టుకున్నారు. కల్తీ వల్ల వచ్చాయంటూ ల్యాబ్ వాటిని పక్కన పెట్టేసింది. చివరికి 1989లో రెండు పక్షాల నిపుణులూ కోర్టు బయట కలిసి కూర్చుని, ఈ డేటాను నమ్మలేమని ఉమ్మడిగా రాసిచ్చారు. డీఎన్‌ఏ కలిసిందన్న సాక్ష్యాన్ని జడ్జి ఒప్పుకోలేదు. ఆ తర్వాత కాస్ట్రో నేరం ఒప్పుకున్నాడు. రక్తం హతులదేనన్నాడు కూడా!

తర్వాత పద్ధతులు బాగా మెరుగుపడ్డాయి, కొన్ని కణాలున్నా చాలు. కానీ ఇద్దరు ముగ్గురి డీఎన్‌ఏ కలిసిపోయిన శాంపిల్ వచ్చినప్పుడు ఏది ఎవరిదో మనిషే తేల్చాల్సి వచ్చేది. అమెరికాలోని జార్జియాలో ఒక సామూహిక అత్యాచారం కేసులో నిందితుణ్ని 'మినహాయించలేం', అంటే ఆ డీఎన్‌ఏలో అతనిదీ ఉండొచ్చు అని ల్యాబ్ చెప్పింది. పరిశోధకులు ఇటియెల్ డ్రోర్, గ్రెగ్ హాంపికియన్ అదే డేటాను, కేసు వివరాలేమీ చెప్పకుండా, 17 మంది నిపుణులకు ఇచ్చారు. 2011లో వచ్చిన ఆ అధ్యయనంలో ల్యాబ్‌తో ఏకీభవించింది ఒక్కరే. 12 మంది అతను కాదన్నారు, నలుగురు చెప్పలేమన్నారు. నా దృష్టిలో కాస్ట్రో కేసు కన్నా ఇదే ఎక్కువ భయపెట్టే విషయం, ఎందుకంటే ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు.

మోసం సంగతి వేరే. అమెరికాలోని కొలరాడో రాష్ట్ర ల్యాబ్‌లో ఒక సీనియర్ ఎనలిస్టు డేటాను మార్చినట్టు 2023లో బయటపడింది. లెక్క వెయ్యికి పైగా కేసులకు చేరింది. సహోద్యోగులు 2018లోనే ఫిర్యాదు చేసినా ఆమె మళ్లీ పనిలో చేరింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లోనైతే అసలు పరీక్షే పూర్తి చేయలేదు. డీఎన్‌ఏ ఒక పరిమితికన్నా తక్కువుంటే 'సరిపోదు' అని రాసి పంపేవారు. ఇంకాస్త ప్రయత్నిస్తే వాటిలో కొన్నింటి నుంచి ఫలితం వచ్చేదే. ఆ మాటలు అబద్ధమో, తప్పుదోవ పట్టించేవో అని 2022లో విచారణ కమిషన్ తేల్చింది.

ఇప్పుడు మిశ్రమ శాంపిళ్ల లెక్క సాఫ్ట్‌వేర్ చేస్తోంది. ట్రూఅలీల్ అనే ప్రోగ్రాంలో సుమారు 1,70,000 లైన్ల కోడ్ ఉంది. అది వ్యాపార రహస్యమని, చూడాలంటే తమ షరతుల మీదే చూడాలని, నోట్సు చేత్తోనే రాసుకోవాలని కంపెనీ పట్టుబట్టింది. 2021లో న్యూజెర్సీ అప్పీలు కోర్టు ఆ కోడ్‌ను డిఫెన్స్‌కు చూపించాల్సిందేనంది. 1989లో ఫిల్ము, 2021లో కోడ్.