పెద్దమనుషుల ముందు విడాకులు, రెండో పెళ్లి, ఆస్తి: అపోహలు - వాస్తవాలు

"విడాకులు ఎప్పుడో అయిపోయాయండీ, కాగితం కూడా ఉంది" అంటూ నా టేబుల్ మీద పెట్టే కాగితాల్లో చాలావరకు కోర్టు డిక్రీలు, అంటే విడాకులిస్తూ కోర్టు ఇచ్చిన తీర్పు పత్రాలు, కావు. వంద రూపాయల స్టాంపు పేపరు, భార్యాభర్తల సంతకాలు, కింద పెద్దమనుషుల సంతకాలు, మూలన నోటరీ ముద్ర. కొందరు లామినేషన్ చేయించి మరీ దాచుకుంటారు. వాళ్ల మీద నాకు కోపం రాదు. "ఇది చాలు, పోయి పెళ్లి చేసుకో" అని చెప్పి పంపినవాళ్ల మీద వస్తుంది.

అపోహ: పెద్దల ముందు రాసుకుంటే విడాకులైనట్టే.

వాస్తవం: కాదు. హిందూ వివాహ చట్టం, 1955 కింద విడాకులు ఇచ్చేది కోర్టు. కులాచారం ప్రకారం తీసుకునే విడాకులను సెక్షన్ 29 కాపాడుతుంది, నిజమే. కానీ ఆ ఆచారం ఎప్పటినుంచో ఉందని సాక్ష్యాలతో రుజువు చేయాలి. "మా వాళ్లలో అంతేనండీ" అంటే సరిపోదు. ఇక నోటరీకి విడాకులిచ్చే అధికారమే లేదు.

దీని దెబ్బ తెలిసేది మనిషి పోయాకే. ఒకావిడ ఇలాగే వచ్చింది. భర్త హఠాత్తుగా చనిపోయాడు. ఇల్లు ఆయన స్వార్జితం, వీలునామా లేదు. మొదటి భార్యతో తెగదెంపులు స్టాంపు పేపరు మీదే. అంటే చట్టం దృష్టిలో ఆ పెళ్లి ఇంకా ఉంది, ఈవిడ పెళ్లి చెల్లదు. ఇల్లు నాలుగు సమాన వాటాలైంది: మొదటి భార్యకు ఒకటి, ఆయన తల్లికి ఒకటి, ఈవిడ ఇద్దరు పిల్లలకు చెరొకటి. ఈవిడకు సున్నా. "ఆధార్‌లో, రేషన్ కార్డులో భార్యనని నా పేరే ఉంది కదండీ" అని మళ్లీ మళ్లీ అడిగింది. ఆ కార్డులు పెళ్లిని పుట్టించలేవు.

పిల్లల విషయంలో మాత్రం టెన్షన్ పడకండి. పెళ్లి చెల్లకపోయినా అదే హిందూ వివాహ చట్టం సెక్షన్ 16 కింద వాళ్లు సక్రమ సంతానమే, తల్లిదండ్రుల ఆస్తిలో వాటా ఉంటుంది. 2023లో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. మొదటి భార్యను విలన్‌ని చేయడం కూడా తప్పు. ఆవిడ కూడా ఆ పంచాయితీలో కూర్చోబెడితే కూర్చున్న మనిషే.

బతికుండగా అయితే దారి ఉంది. మొదటి భార్య, భర్త ఏడాదిగా విడివిడిగా ఉంటే ఇద్దరూ కలిసి, పరస్పర అంగీకారంతో విడాకుల కోసం అదే చట్టం సెక్షన్ 13బి కింద పిటిషన్ వేసుకోవచ్చు. పిటిషన్ వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువును తగిన కేసుల్లో కోర్టు మాఫీ చేయొచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. డిక్రీ వచ్చాక రెండో భార్యతో మళ్లీ పెళ్లి చేసుకుని రిజిస్టర్ చేయించుకోవాలి. చాలామంది వదిలేసేది ఇదే. డిక్రీకి ముందు రెండో భార్యతో చేసుకున్న పెళ్లికి డిక్రీతో ప్రాణం రాదు.

ఈలోగా వీలునామా రాయండి. స్వార్జితాన్ని ఎవరికైనా రాసివ్వొచ్చు, చెల్లని పెళ్లిలోని భార్యకైనా సరే. తెల్లకాగితం చాలు, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిదే. ఫ్యామిలీ పెన్షన్ మాత్రం వీలునామాతో ఇచ్చేది కాదు, దాని రూల్స్ దానివి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

విడాకులైతే నామినీ పేరు దానంతటదే పోతుందా? పోదు. బ్యాంకు, ఇన్సూరెన్స్, మ్యూచువల్ ఫండ్, అన్నీ మీరే మార్చాలి. ఈపీఎఫ్‌లో (ఉద్యోగుల భవిష్య నిధి) మాత్రం పెళ్లికి ముందు ఇచ్చిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది, కొత్తది ఇవ్వాలి. పాత వీలునామాలో మాజీ భార్య పేరుంటే అదీ అలాగే ఉంటుంది.

బ్యాంకులో నామినీయే ఓనరా? కాదు. డబ్బు తీసుకుని వారసులకు ఇవ్వాల్సిన మనిషి.

పెళ్లితో పాత వీలునామా రద్దవుతుందా? క్రైస్తవులకు అవుతుంది, హిందువులకు కాదు.

భర్త పోయినామె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆయన నుంచి వచ్చిన వాటా పోతుందా? పోదు. ఈ పుకారుతో అత్తింటివాళ్లు భయపెడితే ఏ కాగితం మీదా సంతకం చేయకుండా ముందు లాయర్‌కు చూపించండి.